ఎడమ సీటులోంచి

మార్గశిర శుద్ధ నవమి

ఇందుమతి ఈ రోజు మధ్యాహ్నం పోయింది. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పొద్దున్న లోవను ఉప్పులంకలో దింపడానికి బయల్దేరాం. ఎప్పటిలాగే ఇందుమతి కారు నడిపింది. నేను పక్కన, ఎడమ సీటులో కూర్చున్నాను. లోవ నా వెనక సీటులో. పదకొండేళ్ళ పిల్ల. నిన్న ఆస్పత్రిలో రక్తం ఎక్కించారు కాబట్టి ఓపిక వచ్చి దారి పొడుగునా కబుర్లు చెప్పింది. కరకట్ట మీద పల్చటి మంచు ఉంది. లోవ తల్లి వీరవేణి మాకు పీతలు ఇచ్చింది. సముద్రపు పోటు రాకముందే మా ఊరు గట్టూరు తిరిగొచ్చాం.

షెడ్డులో కారు ఆపాక ఇందుమతి కళ్ళద్దాలు తీసి ముందు పెట్టింది. తల నొప్పిగా ఉందంది. ఇంట్లోకి వచ్చి పెరుగన్నం కొంచెం తిని పడుకుంది. కాసేపటికి, కళ్ళద్దాలు కారులో మర్చిపోయాను, తెచ్చిపెట్టమంది. తెచ్చాను. అప్పటికి పలకలేదు.

పిలిచిన వెంటనే పల్లకి తనంతట తానే నడుచుకుంటూ వచ్చి మమ్మల్ని ఆస్పత్రికి చేర్చింది. తలలో రక్తనాళం చిట్లిందని డాక్టరు చెప్పాడు.

సాయంత్రం ఇందుమతి చెల్లెలు హైమవతి వచ్చింది. పీతలు బక్కెట్లో ఇంకా బతికే ఉన్నాయి. ఆమె వాటిని తీసుకెళ్ళి కాలువలో వదిలింది.

కళ్ళద్దాలు నా జేబులో ఉన్నాయి.

మార్గశిర బహుళ పంచమి

కార్యక్రమాలు అయ్యాయి. బంధువులు వెళ్ళారు. హైమవతి ఉండిపోయింది. కర్రీ పాయింటు కోడలికి అప్పగించానంది. "నేను లేకపోతే పులుసులో ఉప్పు ఎక్కువవుద్ది. ఊరివాళ్ళు నాలుగు నీళ్ళు తాగుతారు. కొంపలేం మునిగిపోవులెండి బావగారూ," అంది.

నిన్న సాయంత్రం రేడియో మోగింది. ఉప్పులంకలో ఫోన్లు పనిచేయవు. మాట్లాడుకునే రేడియో అక్కడి పంచాయితీ గదిలో ఒకటి, మా ఇంట్లో ఒకటి ఉన్నాయి. ఒకరు మాట్లాడడం ఆపితేగాని రెండోవాళ్ళు మాట్లాడలేరు. అందుకని అక్కడివాళ్ళు ప్రతి మాట చివరా 'అయ్యిందండి' అంటారు.

"అయ్యగారండీ, వీరవేణినండి. అమ్మగారి సంగతి తెలిసిందండి. పడవ కదిలే నీళ్ళు లేక రాలేకపోయామండి. అయ్యిందండి."

"ఫరవాలేదమ్మా. అయ్యింది."

గరగర తర్వాత మళ్ళీ ఆమే మాట్లాడింది.

"లోవకి వచ్చే నెల అష్టమికి ఎలాగండి? ఇప్పుడు అడక్కూడదని తెలుసండి. అయ్యిందండి."

ఆ పిల్ల ఒంట్లో రక్తం నిలవదు. పుట్టుకతో వచ్చిన జబ్బు. నెలకోసారి ఎక్కించాలి. ఆలస్యమైతే ముందు పెదాలు తెల్లబడతాయి. తర్వాత ఆయాసం. తర్వాత గుండె మీదికి వస్తుంది. ఇందుమతి రక్తనిధిలో పనిచేసేది. రిటైరయ్యాక కూడా లోవను తనే తెచ్చి తనే దింపేది. వీరవేణికి ఉప్పుమడి, చంటిపిల్లవాడు. వదిలి రావడానికి కుదరదు. అష్టమి రోజుల్లో పోటు బలం తక్కువ, కరకట్ట చాలాసేపు మునగకుండా ఉంటుంది. శుద్ధ అష్టమికి తీసుకురావడం, నవమికి దింపడం. ఇన్నేళ్ళలో తప్పలేదు.

ఈ రోజు పల్లకీల కార్యాలయానికి వెళ్ళాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. రోడ్డు కింద తీగ ఉన్నంతవరకే పల్లకి వెళుతుంది. గంగాలమ్మ గుడి దగ్గర తారు ఆగిపోతుంది, తీగ కూడా అక్కడే ఆగిపోతుంది. కరకట్ట మీద వచ్చే ఏడు వేస్తారట. ఎగిరే అంబులెన్సు మంచులో లేవదు. పుష్యమంతా మంచే.

"మీ ఇంట్లో పాత కారుంది కదా సార్. దాని అనుమతి మీ ఇంటి పేరు మీదే ఉంది. మీరే నడపొచ్చు," అన్నాడు.

"నాకు రాదు."

"ఈ ఊళ్ళో ఎవరికొచ్చు సార్?"

నిజమే. పల్లకిలో కూర్చుని చోటు పేరు చెబితే చాలు. అందులో చక్రం లేదు, మీట లేదు, నొక్కాల్సింది ఏదీ లేదు. నా వయసువాళ్ళం కూడా అలాగే బతికేశాం. ఇందుమతి ఒక్కతే వేరు.

మార్గశిర బహుళ అష్టమి

షెడ్డు తలుపు తీశాను.

కారు మా మామగారిది. తెల్ల రంగు, నాలుగు తలుపులు, వెనక డిక్కీ. ఒకప్పుడు ప్రతి కుటుంబానికీ ఇలాంటిది ఉండేదట. నూకల సారాతో నడిచేట్టు ఇంజను మార్పించాడు. పెద్ద కూతురికి నడపడం నేర్పాడు. చిన్న కూతురికి కారెక్కితే కడుపులో తిప్పుతుందని వదిలేశాడు. తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. వాడే విధానం చెప్పే పుస్తకం నెట్‌లోనే ఉండేది. ఆ నెట్ ఇప్పుడు లేదు.

నేను కూర్చున్నాను. హైమవతి కుడివైపు తలుపు తీసి నన్ను వింతగా చూసింది.

"బావగారూ, నడిపేది ఈ పక్కనుంచండి."

"తెలుసు."

"మరి అక్కడ కూర్చున్నారేంటండి?"

"ఇక్కణ్ణుంచి అయితేనే నాకు ఈ కారు తెలుసు."

ఆమె స్టీరింగు ముందు కూర్చుంది. మీటల మీది బొమ్మలు చదవడం మొదలుపెట్టింది.

"ఇదేదో చేట. చేట మీద మూడు పాములు. ఇక్కడేమో కిటికీ, దాని మీదా మూడు పాములే. ఇన్ని పాములేంటండీ ఈ కారులో? ఎర్ర ముక్కోణం దేనికండి?"

"రోడ్డు పక్కన ఆపినప్పుడు నొక్కేది. టక్ టక్‌మని లైట్లు వెలిగి ఆరేవి."

"ఇదిగో దీని పక్కన, కారు బొమ్మ. వెనకాల మెలికల గీతలు. తాగి నడిపేటప్పుడు నొక్కేదేమో."

"ఇందుమతి తాగేది కాదు."

"మరి దీని మీద రంగంతా అరిగిపోయిందేంటండి? మిగతావన్నీ కొత్తగానే ఉన్నాయి." నా వైపు తిరిగింది. "అక్క మన దగ్గర ఏదో దాచిందండోయ్."

నవ్వొచ్చింది. ఆ రోజు తర్వాత ఇదే మొదటిసారి. హైమవతి కూడా నవ్వి, వెంటనే కొంగుతో ముక్కు తుడుచుకుంది.

కళ్ళు మూసుకున్నాను. బొమ్మలను వదిలేసి ఆమె చేతిని తలుచుకున్నాను. కారెక్కగానే ఎడమచేత్తో బెల్టు పెట్టుకునేది. స్టీరింగు పక్కనున్న గుండ్రటి మీట బొటనవేలితో నొక్కేది. దానికి ముందు కుడి మోకాలు కొంచెం కదిలేది. అంటే కాలితో ఏదో తొక్కేది. ఇంజను పలికేది. అప్పుడు గేరు కర్రను తన వైపు లాగేది. షెడ్డులోంచి వెనక్కి వచ్చేటప్పుడు ఒక చోట ఆపేది, రోడ్డెక్కాక ఇంకా కిందికి. వానల్లో అద్దం మసకబారితే ఉంగరం వేలితో ఒక మీట నొక్కేది. మిగతా వేళ్ళకు వేరుశనగ పొట్టు అంటుకుని ఉండేది.

నేను చెప్పిందల్లా హైమవతి నొక్కి చూసింది. ఇంజను పలికింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం.

కుడిచెయ్యి మాత్రం నాకు తెలియదు. అది అవతలి పక్క. ఇన్నేళ్ళు పక్కనే కూర్చున్నా ఆమె కుడిచేతిని చూడలేదు.

మార్గశిర బహుళ ద్వాదశి

కుడి సీటులోకి మారాను. మోకాళ్ళు స్టీరింగుకు ఆనుకున్నాయి. ఇందుమతి నా భుజం దాకా వచ్చేది.

"అలా ఇరుక్కుని ఎలా నడుపుతారండి? సీటు వెనక్కి జరపండి," అంది హైమవతి. తలుపు వైపు వంగి చూసింది. "ఇదిగో మీట. అచ్చం సీటు బొమ్మలాగే ఉంది. దీనికి చదువు కూడా అక్కర్లేదు."

ఆ మీట నేను ముందే చూశాను. ఈ కారులో ఎవరూ చెప్పకుండా నాకు అర్థమైంది అదొక్కటే.

"వద్దు," అన్నాను.

ఆమె కాసేపు నా మోకాళ్ళనే చూసింది.

"పోనీ, కింద పట్టా మీద సుద్దతో గీత గీస్తానండి. మళ్ళీ అక్కడికే తెచ్చుకోవచ్చు."

"వద్దు హైమా."

"సరేనండి."

ఊరి చివర ఉప్పు ఆరబోసే మైదానం ఖాళీగా ఉంది. అక్కడి దాకా తారు రోడ్డు మీద నెమ్మదిగా తీసుకెళ్ళాను. పల్లకీలు వాటంతట అవే తప్పుకున్నాయి. లోపల కూర్చున్నవాళ్ళు తలలు తిప్పి చూశారు. మైదానంలో చుట్టూ తిరిగాను. ఆగాను, కదిలాను. తలుపులు మూసి ఉండడంతో అద్దం లోపలివైపు మసకబారింది. హైమవతి కొంగుతో తుడిచింది. తుడిచినకొద్దీ మళ్ళీ కమ్మింది.

"ఇద్దరం ఊపిరి బిగబట్టాలండి ఇక," అంది.

ఉంగరం వేలు గుర్తొచ్చింది. ఆమె చెయ్యి వెళ్ళిన చోటికే నా చెయ్యి పోనిచ్చాను. చేట బొమ్మ. నొక్కాను. గాలి హోరుమంది. అద్దం కిందనుంచి పైకి తేటపడుతూ వచ్చింది.

"ఆ పాములు గాలన్నమాట! చేటంటే అద్దమా! నేరుగా అద్దం బొమ్మే వేయొచ్చుగా వీళ్ళు," అంది హైమవతి.

పుష్య శుద్ధ తదియ

మంచు చిక్కబడింది. కారు దీపాలు వేస్తే ఎదురుగా తెల్లటి గోడ లేచినట్టుంది. ముందున్న మైలురాయి కూడా కనబడదు. ఇందుమతి ఇలాంటి మంచులో ఎన్నోసార్లు నడిపింది. ఆమె దీపాలు నేలను పట్టుకుని పాకేవి, ఇలా గోడ కట్టేవి కాదు. ఏం చేసేదో నాకు తెలియదు. దీపాల కర్ర స్టీరింగుకు కుడి పక్కన ఉంది.

రేడియోలో వీరవేణితో ఆ మాటే చెప్పాను. వచ్చే అష్టమికి బయల్దేరగలనో లేదో చెప్పలేనన్నాను. గరగర మధ్య ఎవరో గుసగుసలాడారు. తర్వాత సన్నటి గొంతు వినిపించింది.

"తాతగారండీ, నేనండి, లోవనండి." ఊపిరి తీసుకుంది. "ఆ కర్ర నేను చూసేదాన్నండి. నేను మీ ఎనకాల కూచుంటాను కదండి. అక్కణ్ణుంచి మామ్మగారి కుడిచెయ్యి కనబడుద్దండి." మళ్ళీ ఆగింది. "అయ్యిందండి."

"ఏం చేసేది లోవా? నెమ్మదిగా చెప్పు. అయ్యింది."

"కర్ర కొసన కాదండి. మజ్జిలో ఉంగరంలాగ ఉంటాదండి. కుళాయి కట్టేసినట్టు తిప్పేవోరండి. తరవాత కర్రని ఒళ్ళోకి లాక్కోకుండా అవతలికీ నెట్టకుండా మజ్జిలో ఉంచేవోరండి. అవతలికి నెడితే గోడొచ్చేత్తాదనేవోరండి."

"ఇంకా ఏం చేసేది?"

నేను 'అయ్యింది' అనడం మర్చిపోయాను. ఆ పిల్ల ఎదురుచూసింది. గుర్తొచ్చి అన్నాను.

"తలుపు మీద చెయ్యేసి మునేళ్ళతో దరువేసేవోరండి. పాట రాదు గానండి, దరువు బాగుండేది. అయ్యిందండి."

ఇది నాకు తెలియదు.

చెప్పడం పూర్తయ్యేసరికి ఆ పిల్లకు ఆయాసం వచ్చింది. వీరవేణి రేడియో తీసుకుని, పెదాలు పాలిపోయాయండి, అంది. బహుళ అష్టమి దాకా ఆగగలదా అని అడిగాను. ఆగలేదండి, అంది.

వెంటనే షెడ్డుకు వెళ్ళి ఉంగరం తిప్పాను. బంపరు కింద పసుపు దీపాలు వెలిగాయి. వెలుగు నేల మీద పరుచుకుంది.

పుష్య శుద్ధ షష్ఠి

కరకట్ట మొదలు దాకా వెళ్ళి చూద్దామని బయల్దేరాను. హైమవతి నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని పక్కన కూర్చుంది.

గంగాలమ్మ గుడి దాటాక తారు అంచు నుంచి మట్టిలోకి దిగాలి. దిగిన కాసేపటికే ముందు చక్రాలు బురదలో దిగబడ్డాయి. ఎంత తొక్కినా ఇంజను గుర్రుమని ఊరుకుంటుంది, చక్రం తిరగదు. ఎవరో పట్టుకుని ఆపినట్టుంది. హైమవతి దిగి తోసింది. చెప్పు ఊడి బురదలో ఉండిపోయింది.

"ఇదివరకు అక్క ఇక్కడేం చేసేదండి?"

"దణ్ణం పెట్టుకునేది."

"ఎవరూ? అక్కా?"

అవును. గుడి ఎదురుగా వచ్చేసరికి ఎడమచేత్తో ఒక మీట నొక్కేది. వెంటనే ఆ చెయ్యి కళ్ళ దగ్గరికి వెళ్ళేది. కొంతమంది పల్లకి ఎక్కేముందు దాని తలుపును తాకి కళ్ళకద్దుకున్నట్టే ఉండేది. ఆమె అలా చేయగానే నేను కూడా చేతులు జోడించేవాణ్ణి. ప్రతిసారీ.

"మా ఇంట్లో గోడ మీద దేవుడి పటాలు కూడా ఉంచనివ్వలేదండి అక్క. గంగాలమ్మకి దణ్ణం పెట్టిందా?" హైమవతి బురద చేతులు దులుపుకుంది. "సరే, ఏం చేస్తే అదే చేయండి. అమ్మవారికి కోపం వచ్చిందేమో."

ఎర్ర ముక్కోణం పక్కన, అరిగిన మీట మీదికి వేలు వెళ్ళింది. మెలికల గీతల కారు. నొక్కి, చెయ్యి కళ్ళకద్దుకున్నాను. ఎదురుగా పసుపు రంగులో అదే బొమ్మ వెలిగింది. పెడలు తొక్కాను. ఈసారి చక్రం ఆగలేదు. గిర్రున తిరిగి, బురద తారు మీదిదాకా చిమ్మి, అడుగున గట్టినేలను పట్టుకుంది. కారు ఎగిరినట్టు బయటికొచ్చింది.

హైమవతి నెత్తి నుంచి కాలి దాకా బురద.

"దణ్ణం పనిచేసింది కాదండీ? ఇక నాకు స్నానం చేయించమనండి ఆ తల్లిని," అంది.

దణ్ణం కాదు, మీట. అంతవరకు అర్థమైంది. చక్రం జారితే కారు తనంతట తానే బిగబట్టేస్తుంది. ఆ మీట నొక్కితే వదిలేస్తుంది. కాని కళ్ళకద్దుకోవడం ఎందుకో అర్థం కాలేదు.

పుష్య శుద్ధ అష్టమి

లోవ ఆస్పత్రిలో ఉంది. రక్తం ఎక్కుతోంది. పక్కన హైమవతి ఉంది. నేను ఇంటికొచ్చి రాస్తున్నాను.

పొద్దున్న ఒక్కణ్ణే వెళ్ళాను. గుడి దగ్గర అరిగిన మీట నొక్కాను. మరుక్షణం తారు అంచు దిగింది. అక్కడ జానెడు లోతు ఉంది. కారు కుదిపేసింది. నా కళ్ళద్దాలు ముక్కు మీదికి జారాయి. ఎడమచెయ్యి దానంతట అదే లేచి వాటిని పైకి తోసింది.

కారు ఆపి కూర్చున్నాను.

ఆమె దణ్ణం పెట్టుకోలేదు. ఏనాడూ పెట్టుకోలేదు. కళ్ళద్దాలు సర్దుకునేది. పక్కనే నేను ప్రతిసారీ భక్తిగా చేతులు జోడించేవాణ్ణి. అది చూసి కూడా ఒక్కసారీ నవ్వలేదు, ఒక్కసారీ దిద్దలేదు. జేబు తడుముకున్నాను. ఆమె కళ్ళద్దాలు ఉన్నాయి. తర్వాత బయల్దేరాను.

వీరవేణి కట్ట మీదే నిలబడి ఉంది. లోవను ఎత్తుకుని తెచ్చింది. పెదాలు కాగితంలా ఉన్నాయి. ఎప్పుడూ కూర్చునేచోటే, ఎడమ సీటు వెనకాలే కూర్చుంటానంది లోవ. ముందున్న ఎడమ సీటు ఖాళీగానే ఉంది.

తిరుగుదారిలో మంచులోంచి గేదెలు వచ్చాయి. కాలు తీసి బ్రేకు మీద వేయబోయాను. మోకాలు స్టీరింగు కింద ఇరుక్కుంది. తీసేసరికి ఆలస్యమైంది. పక్కకు తిప్పాను. కారు కరకట్ట అంచున ఆగింది. ఎడమ ముందు చక్రం కింద నేల లేదు. నీళ్ళు కనబడుతున్నాయి. వెనక లోవ నుదురు ముందు సీటుకు కొట్టుకున్న చప్పుడు విన్నాను.

గేరు కర్రను వెనక్కి వేశాను. కారు నెమ్మదిగా కట్ట మీదికి వచ్చింది. గేదెలు చూస్తూ నిలబడ్డాయి.

"దెబ్బ తగిలిందా లోవా?"

"కొంచెవేనండి." నుదురు రుద్దుకుంటోంది. "తాతగారండీ, మీ కాలు ఇరుక్కుపోయిందండి."

"చూశావా?"

"ఇక్కణ్ణుంచి కనబడుద్ది కదండి." ముందుకు వంగి చూసింది. "మామ్మగారు పొట్టండి. మీరు పొడుగు. సీటు జరుపుకోరాదేటండీ?"

మిగతా దారంతా మనిషి నడిచినంత నెమ్మదిగా తీసుకొచ్చాను. ఆస్పత్రిలో నర్సు నుదుటి మీది బొప్పి చూసి ఏమైందని అడిగింది. "గేదొచ్చిందండి," అంది లోవ. అంతకుమించి చెప్పలేదు. సూది గుచ్చాక నన్ను దగ్గరికి పిలిచింది.

"రేపు నేను ముందు సీటులో కూచోనాండి?"

"ఎందుకు?"

"ఎడంచెయ్యి ఏం చేత్తాదో ఎప్పుడూ చూళ్ళేదండి."

సాయంత్రానికి పెదాలకు రంగు వచ్చింది. నేను ఇంటికి బయల్దేరేసరికి హైమవతి చేతి ఇడ్లీ తింటూ, చట్నీలో కారం లేదని చెబుతోంది.

రేపు నవమి. పోటు రాకముందే లోవను దింపాలి. పొద్దున్నే షెడ్డుకు వెళ్ళి సీటు పక్కనున్న మీట నొక్కుతాను. నా మోకాలు స్టీరింగుకు తగలకుండా విడిపడేదాకా సీటును వెనక్కి పోనిస్తాను. సుద్దతో గీత గీయను. తర్వాత ఎడమ సీటు తుడిచి, బెల్టు ఆ పిల్ల ఎత్తుకు సరిచేసి, ఆస్పత్రికి వెళతాను.